మాఘమాసానికి మగ్గం: ఒక విరహ గీతం వీడియో ప్రాజెక్టు డైరీ

ఇప్పటికి ఎక్కడున్నాం

పాట మిక్సింగ్ పూర్తయింది. కథ, బార్ల లెక్క (పాటని నాలుగేసి బీట్ల ముక్కలుగా కొలవడం), బడ్జెట్ ఖాయం. లొకేషన్లలో నేత ఇల్లు, వీధి ఖరారు. చీరల దుకాణం షాట్‌కి మాత్రం ఇంకా మాట కావాలి. షూటింగ్ సంక్రాంతి తర్వాత, మాఘంలో.

కథ రెండు ముక్కల్లో ఇది. కడప నుంచి ఒంటిమిట్ట వైపు పోయే దారిలో మాధవరం పట్టుచీరల ఊరు. అక్కడ మగ్గం నేసే అమ్మాయి, కువైట్‌లో పనికి పోయిన అబ్బాయి. ఫోన్లు తగ్గుతాయి, తర్వాత ఆగిపోతాయి. తన పెళ్లికని నేసుకుంటున్న చీర మగ్గం మీద సగంలో ఉంటుంది. కొన్నాళ్లు మగ్గం ఆగుతుంది. తర్వాత ఆ చీరని తానే పూర్తి చేసి, మడత పెట్టి, దుకాణంలో అమ్ముతుంది. కొత్త పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) అతికి ఇంకో చీర మొదలుపెడుతుంది. చీర చింపడం లేదు, తగలబెట్టడం లేదు. అబ్బాయిని దుర్మార్గుడిగా చూపించడమూ లేదు. అతను తెరమీద కనిపించడు, ఫోన్లో పేరు మాత్రమే.

విడిపోవడం మీద వచ్చే వీడియోల్లో ఏడుపుకి మూడు నిమిషాలు, కోలుకోవడానికి చివర్లో ఒక చిరునవ్వు దక్కుతాయి. చూసేవాళ్లకి నిజంగా పనికొచ్చేది ఆ రెండోదే. మనిషి మళ్లీ పనిలో ఎలా పడిందో, ఆ పనికి ఎంతసేపు పట్టిందో కనిపించాలి. అందుకే ఈ ప్లాన్ వెనక నుంచి ముందుకి వేస్తున్నాం. రెండో చరణం షాట్లు ముందు రాసి, వాటికి కావాల్సిన టైము, లైట్లు, డబ్బు పక్కన పెట్టాకే మొదటి సగానికి వచ్చాం. షూటింగ్ రోజున టైము తక్కువ పడితే కోత పడేది ఎప్పుడూ చివర రాసిన షాట్లకే.

గండికోట వద్దనుకున్నాం

కడప జిల్లాలో వీడియో అంటే మొదట వచ్చే మాట గండికోట. పెన్నా లోయ అంచున ఎర్రరాళ్ల మీద అమ్మాయి ఒంటరిగా నిలబడటం, డ్రోన్ వెనక్కి పోవడం. ఫ్రేము బాగుంటుంది, దాని అర్థమే బాగుండదు. మనసు విరిగిన మనిషిని లోయ అంచున నిలబెడితే చూసేవాళ్ల ఆలోచన ఒకే వైపు పోతుంది. అదే బాధలో ఉన్నవాళ్లు కూడా ఈ పాట చూస్తారు. లోయ అంచు, రైలు పట్టాలు, డ్యాము గోడ, బావి గట్టు ఈ వీడియోలో ఎక్కడా ఉండవు. షాట్ లిస్టు మొదటి పేజీ పైనే ఈ మాట రాసి పెట్టాం, సెట్‌లో ఎవరికైనా కొత్త ఆలోచన వచ్చినా అక్కడే ఆగిపోయేలా.

అనుమతుల సంగతి కూడా ఉంది. గండికోట కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ కిందివి. లైసెన్స్ లేకుండా అక్కడ సినిమా కెమెరా పెట్టి తీయకూడదు. డ్రోన్‌కి 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. డ్రోన్లకి ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అయినా 400 అడుగులే హద్దు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లలోపు నేల నుంచే ఎల్లో జోన్, అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే గ్రీన్. మా కథంతా ఇంటి కప్పు కింద జరిగేదే కాబట్టి డ్రోన్ తీసేసి ఆ డబ్బు లైట్లకి మళ్లించాం.

బార్ల లెక్క

పాట టెంపో మగ్గాన్ని బట్టి పెట్టుకున్నాం. జకార్డ్ (అట్టలని బట్టి డిజైను పోగుల్ని ఎత్తే పరికరం) ఉన్న మగ్గం మీద నేతక్క, అంటే మాకు మగ్గం పని చేసి చూపించే ఆమె, తన మామూలు వేగంలో నేస్తుంటే ఫోన్లో మెట్రోనోమ్ పెట్టి చూశాం. పోటు (అడ్డం పోగుని దగ్గరికి కొట్టే దెబ్బ) నిమిషానికి 40 దగ్గర నిలకడగా పడుతోంది. పాట టెంపో 80 బీపీఎం (నిమిషానికి 80 బీట్లు) అంటే రెండు బీట్లకి ఒక పోటు. ఆమెని పాటకి తగ్గట్టు నేయమని అడగక్కర్లేదు. అలా అడిగితే చెయ్యి తడబడి పోగులు తెగుతాయి, చూడటానికీ అబద్ధంలా ఉంటుంది.

80 టెంపోలో నాలుగు బీట్ల బారు సరిగ్గా 3 సెకన్లు, సెకనుకి 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద 75 ఫ్రేములు. పాట మొత్తం 76 బార్లు, 3 నిమిషాల 48 సెకన్లు. విడగొట్టింది ఇలా: మొదటి సంగీతం 8 బార్లు, పల్లవి 12, మొదటి బీజీఎం 8, మొదటి చరణం 12, సగం పల్లవి 4, రెండో బీజీఎం 12, రెండో చరణం 12, చివరి పల్లవి 8.

కథ మలుపు సగం పల్లవి అయిపోయిన చోట, 132వ సెకను దగ్గర. అక్కడి నుంచి 96 సెకన్లు కోలుకోవడానివే. ముందు భాగంలో షాట్ సగటున రెండు బార్లు, అంటే 22 షాట్లు. రెండో భాగంలో పడుగు అతికే షాట్ ఒక్కటి నాలుగు బార్లు కోత లేకుండా నిలుస్తుంది. మిగిలిన 84 సెకన్లలో బారుకొక షాట్, 28. మొత్తం 51 షాట్లు. రెండు రోజుల షూటింగ్‌లో ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ప్రతి షాటూ హడావిడిగానే తయారవుతుంది.

మగ్గం చప్పుడు మొదటి సంగీతంలో తాళంలా వినిపిస్తుంది. మొదటి బీజీఎం చివర ఆగిపోతుంది, చివరి పల్లవిలోనే తిరిగి వస్తుంది. ఆ చప్పుడు విడిగా రికార్డు చేయాలి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, సగటు మైనస్ 18 డీబీ దగ్గర, పోటు పడ్డప్పుడు మైనస్ 6 దాటకుండా. మైకు మగ్గం చట్రానికి తగిలించొద్దు. చట్రం అదురు మైకులోకి మొద్దు శబ్దంగా దిగుతుంది.

నేత గురించి తెలుసుకున్నాక కథలో మారినవి

ఇక్కడ చాలా మగ్గాలు కూలికి నడుస్తాయి. పడుగు, పేక (అడ్డం పోగు), జరీ షావుకారువి. నేసిన చీర ఆయనకే పోతుంది, నేసినవాళ్లకి కూలి వస్తుంది. అలాంటి మగ్గం మీద తన పెళ్లిచీర నేసుకునే వీలే లేదు. కాబట్టి కథలో అమ్మాయిది సొంత పెట్టుబడి పడుగు. ఒక పడుగు మీద మూడు చీరలు. రెండు అమ్మేసింది, మూడోది తనకని ఉంచుకుంది. చివర్లో చేతికొచ్చేది కూలి కాదు, చీర ధర. దుకాణంలో మాట్లాడే తీరు, లెక్కపెట్టే నోట్లు రెండూ దీన్నిబట్టి మారాయి.

రెండోది డిజైను. కొత్త బుటా, కొత్త అంచు అమ్మకానికి రాకముందే వీడియోలో కనిపిస్తే ఇంకొకరు ఎత్తుకుంటారు. అందుకని మేం తీసే చీర మీద పాత, అందరికీ తెలిసిన అంచే ఉండాలని నేతక్కతో ముందే అనుకున్నాం. జకార్డ్ అట్టల దగ్గరి షాట్లు తీయం.

మూడోది అన్నిటికంటే పెద్దది. నేత ముందుకే పోతుంది, వెనక్కి రాదు. సగం నేసిన చీర, పూర్తయిన చీర, ఖాళీ పడుగు, కొత్త పడుగు, ఇవన్నీ ఒకే మగ్గం మీద తీయాలంటే షెడ్యూలు మన చేతిలో ఉండదు. కాబట్టి ఒకే వరుస ఇళ్లలో రెండు మగ్గాలు తీసుకుంటున్నాం. ఒకదాని మీద చీర సగంలో ఉండాలి. రెండోదాని పడుగు ఆ రోజుకి అయిపోయి ఉండాలి. రెండూ గుంట మగ్గాలే, చట్రం కొయ్య రంగు కూడా దగ్గరగా ఉన్నవే. గోడ రంగు తేడా ఉంటే వెనక ఒక దుప్పటి ఆరేస్తే సరిపోతుంది.

నెల కూడా నేతను బట్టే. వానలకి గుంటలో చెమ్మ చేరి మగ్గం నడవదు. ఏప్రిల్, మేలో కప్పు కింద కెమెరాలు వేడికి ఆగిపోతాయి. చైత్రంలో ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి ఆ రోడ్డంతా జనం. మిగిలింది మాఘం. అది పెళ్లిళ్ల నెల, మగ్గాలకి ఊపిరాడని పని. మనం రెండు రోజులు ఆపితే వాళ్లకి పోయేది సీజన్ సంపాదన. నష్టపరిహారం మామూలు రోజు కూలి లెక్కన కాకుండా పెళ్లిళ్ల నెల లెక్కన కట్టాం.

పడుగు అతకడం: ఈ వీడియోకి గుండెకాయ

పడుగు అయిపోయినప్పుడు పాత పోగుల చివర్లు అచ్చులోనూ పన్నెలోనూ (పోగులు దూరే మగ్గం భాగాలు) అలాగే ఉంచుతారు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ చివర్లకి మెలిపెట్టి అతుకుతారు. పట్టుచీర వెడల్పులో పోగులు వేలల్లో ఉంటాయి. పని గంటల తరబడి సాగుతుంది. వేళ్లకి బూడిద అద్దుకుంటారు. "బూడిద లేకుంటే యేళ్లు జారతాయి నాయనా" అని నేతక్క చెప్పింది. అతుకులు అచ్చు దాటి ముందుకొచ్చాక కొత్త రంగు నేతలో కనిపిస్తుంది. రెండో చరణమంతా ఇదే. పాత రంగు కుంకుమ, కొత్తది చిలకపచ్చ.

తీయడం మాత్రం కష్టం. పట్టు పోగు ఎంత సన్నమంటే ఎదురుగా లైటు వేస్తే కనిపించనే కనిపించదు. వెనక నుంచి, కాస్త పక్కగా లైటు పడాలి, పోగుల కింద నల్లగుడ్డ పరవాలి. అప్పుడు ప్రతి పోగూ మెరుపుగీతలా లేస్తుంది. లెన్సు 100 మిల్లీమీటర్ల మాక్రో. అంత దగ్గరలో లెన్సుని ఎఫ్ 2.8 దాకా వెడల్పుగా తెరిచి పెడితే ఫోకస్ లోతు మిల్లీమీటరు కూడా ఉండదు, వేలు కదిలితే మసకే. ఎఫ్ 8కి వెళ్లాలి. అంటే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు), ఎనిమిది రెట్ల వెలుతురు కావాలి. మా లైట్లలో పెద్దది ఈ షాట్ కోసమే. ఫోకస్ ఒకచోట బిగించి, వేళ్లు ఆ ఎత్తు దాటకుండా నేతక్క మణికట్టు కింద చిన్న పీట పెడతాం. పీకింగ్ రంగుని (ఫోకస్ ఉన్న అంచుల మీద కెమెరా వేసే గుర్తు) నమ్మొద్దు. జరీ మెరిసిన ప్రతిచోటా అది ఫోకస్ ఉన్నట్టే చూపిస్తుంది. మానిటర్‌లో బొమ్మ పెద్దది చేసి చూసుకోవాలి.

చేతులు నేతక్కవి, ముఖం నటిది. ఇద్దరి గాజులూ కలవాలి. నటికి 2.4 సైజు, నేతక్కకి 2.6. ఒకే రంగు గాజులు రెండు సైజుల్లోనూ డజను చొప్పున, పగిలితే ఇంకో డజను పక్కన. నటికి గోరింటాకు, గోళ్ల రంగు ఏవీ వద్దని ఒప్పందంలోనే రాశాం. నటి నిజంగా నేయనక్కర్లేదు. తొక్కుడు కర్ర మీద కాలు, చెయ్యి ఒకే లయలో కదిలితే చాలు. దానికి షూటింగ్ ముందు వారం రోజూ మగ్గం ముందు కూర్చోవాలి. నడుము బిగుసుకుపోయే పని కాబట్టి మధ్యలో విరామాలు తప్పవు.

వెలుతురు

ఇల్లు మట్టిమిద్దె. గవాచి (కప్పులో వెలుతురు కోసం ఉంచిన కన్నం) నుంచి ఎండ పదకొండు, ఒంటిగంట మధ్య మగ్గం పక్కన పడుతుంది. మగ్గం మీద సూటిగా పడదు, పైనున్న జకార్డ్ అడ్డం. ఆ గుండ్రటి ఎండ మొదటి సగానికి చాలా పనికొస్తుంది: ఆగిన మగ్గం, నాడె (పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్లేది) మీద దుమ్ము, పక్కన జరిగిపోయే వెలుతురు. మిగతా వేళల్లో అదే ఎండ కావాలంటే మిద్దె మీద గవాచి దగ్గర 300 వాట్ల పగటి రంగు ఎల్ఈడీ పెట్టాలి. స్టాండు కాళ్లు మట్టికప్పులో దిగకుండా కింద చెక్కపలక, దాని మీద ఇసుక మూటలు. ఒకరు పైనే ఉండాలి.

ఇంట్లో ప్లగ్గు 5 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన 1,150 వాట్లు హద్దు. 300 వాట్లవి రెండు లైట్లు ఒకే ప్లగ్గు మీద నడుస్తాయి. అదే ప్లగ్గుకి టీ కెటిల్ తగిలించారో ఫ్యూజు పోతుంది. టీ పక్కింట్లో.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతాయి. సెకనుకి 25 ఫ్రేములకి షట్టర్ 1/50 సెకను, 50 ఫ్రేములకి 1/100 పెడితే మినుకు కనపడదు. 100 ఫ్రేముల స్లో మోషన్‌కి 1/200 కావాలి, అక్కడ మినుకు తప్పదు. కాబట్టి స్లో మోషన్ ఎండలోనే. ఫోన్ తెర షాట్ దీనికి మినహాయింపు. తెర 60 హెర్ట్జ్ అయితే షట్టర్ 1/60 పెట్టి, గదిలో ట్యూబులైటు ఆపేయాలి.

వీధి షాట్లు మధ్యాహ్నం ఎండలో. ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) 100 అనుకుంటే ఎఫ్ 16 దగ్గర షట్టర్ 1/100. మనకి ఎఫ్ 2.8, 1/50 కావాలంటే ఆరు స్టాపులు తగ్గించాలి, అంటే ఎన్డీ 64 (లెన్సు ముందు పెట్టి వెలుతురు తగ్గించే ఫిల్టర్). లాగ్‌లో (రంగు తర్వాత దిద్దుకోవడానికి వీలుగా తీసే పద్ధతి) ఐఎస్ఓ 800 నుంచి దిగకపోతే ఇంకో మూడు స్టాపులు, ఎన్డీ 512. తిప్పే ఎన్డీని చివరిదాకా తిప్పితే ఫ్రేములో కత్తెర గుర్తులా నలుపు వస్తుంది. అందుకే స్థిరమైనవే అద్దెకి తీసుకుంటున్నాం.

బాధని నీలంగా, కోలుకోవడాన్ని పసుపుగా రంగు దిద్దడం మాకు ఇష్టం లేదు. కడపలో బాధ తెల్లటి మిట్టమధ్యాహ్నంలోనే ఉంటుంది. మొదటి సగం ఆ ఎండకే వదిలేస్తున్నాం. రెండో సగం సాయంత్రం నీడపట్టున, రంగులు ఉన్నవి ఉన్నట్టు.

పట్టు కెమెరాకి పెట్టే ఇబ్బందులు

కుంకుమరంగు పట్టు మీద ఎర్ర చానెల్ ఒక్కటే ముందు తెగిపోతుంది. మొత్తం ఎక్స్‌పోజర్ బాగున్నట్టు కనిపిస్తుంటే చీర మాత్రం మడతలు లేని ఎర్ర మరకలా వస్తుంది. మొత్తం వెలుతురే చూపే మామూలు హిస్టోగ్రాం చాలదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే పరేడ్ గ్రాఫు చూడాలి. జరీ మీద సూటిగా లైటు పడితే తెల్లగా కాలిపోతుంది. లైటు ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టి, జరీకే ఎక్స్‌పోజర్ పెట్టుకోవాలి.

సన్నటి నేత మీద అలలు అలలుగా రంగులు పారుతుంటే అది మోయిర్. ఎడిటింగ్‌లో దాన్ని తీయడం దాదాపు అయ్యే పని కాదు. కెమెరా అడుగు ముందుకో వెనక్కో జరపాలి, లేదా కోణం మార్చాలి. షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గించాలి. మగ్గం పోటుకి నేల అదురుతుంది. ఇంట్లో పరిచిన నాపరాళ్లలో మగ్గం స్తంభం ఏ బండ మీద ఉందో ట్రైపాడ్ కాలు ఆ బండ మీద పెట్టకూడదు. గుంటలోకి కాళ్ల షాట్‌కి చిన్న యాక్షన్ కెమెరా చాలు.

ఫోన్

అమ్మాయి ఫోన్ మొదటి తెర మీద రెండు గడియారాలు ఉంటాయి, ఒకటి మనది, ఒకటి కువైట్‌ది. కువైట్ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 10 అయితే అక్కడ 7:30. కడప జిల్లాలో ఈ లెక్క వేలు మడవకుండానే చెప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. రెండో బీజీఎంలో ఆమె ఆ రెండో గడియారాన్ని తీసేస్తుంది. ఆరు సెకన్లు, ఏడుపు లేదు. ఏ కంపెనీ గుర్తూ కనిపించని తెరల్ని ముందే వీడియోగా తయారుచేసి ఫోన్లో నడుపుతాం. సెట్‌లో నిజంగా తీసేస్తే ప్రతి టేకుకీ మళ్లీ పెట్టాలి, గంట కూడా తప్పు చూపిస్తుంది.

పాటకి పెదవులు కలిపే షాట్లు

నటి పాడేది చివరి పల్లవిలో మాత్రమే. బాధలో ఉన్నప్పుడు కెమెరాకి పాడటం నప్పదు. కొంచెం మెత్తటి కదలిక కోసం 30 ఫ్రేముల్లో తీసి 25లో నడుపుతాం. సెట్‌లో పాట 120 శాతం వేగంతో, అంటే 96 టెంపోలో మోగాలి. పెదవులు ఆ వేగాన్ని అందుకోగలవు. 50 ఫ్రేములకి వెళితే పాట 160 టెంపో అవుతుంది, తెలుగు సాహిత్యంలో ద్విత్వాలు, సంయుక్తాలు నలిగిపోతాయి. షట్టర్ మాత్రం 1/50లోనే ఉంచాలి, లేదంటే బల్బు మినుకు మళ్లీ వస్తుంది. వేగం పెంచిన ట్రాకు మొదట్లో మూడు బీపులు వేయించాం, ఎడిటింగ్‌లో కలపడానికి అవే ఆధారం.

డబ్బు, డేటా, కాగితాలు

కెమెరా, లెన్సులు 24,000 రూపాయలు. లైట్లు, స్టాండ్లు 18,000. రెండు మగ్గాల ఇళ్లకి పరిహారం, నేతక్క చేతుల పారితోషికం కలిపి 20,000. నటి 25,000. దుస్తులు, మేకప్ 10,000. బండి, భోజనాలు 22,000. ఎడిటింగ్, కలర్ 30,000. డిస్కులు 9,000. కలిపి 1,58,000. అనుకోని ఖర్చుకి పది శాతం కలిపితే 1,73,800. కోత పెట్టాల్సి వస్తే దుస్తుల్లో పెడతాం, మగ్గం పరిహారంలో పెట్టం.

10 బిట్, సెకనుకి 140 మెగాబిట్ల ఫుటేజీ గంటకి 63 జీబీ. మూడు గంటల ఫుటేజీకి 189. రెండు డిస్కుల్లో కాపీ అయ్యాకే కార్డు ఖాళీ చేయాలి, రెండు డిస్కులూ ఒకే సంచిలో పోకూడదు.

రచయిత, సంగీత దర్శకుడు, గాయని ముగ్గురితోనూ విడివిడిగా రాతపూర్వక ఒప్పందాలు అయ్యాయి. పాట రికార్డింగుని గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడు తీసుకోవాలి. నేత కుటుంబానికి తెలుగులోనే సమ్మతి పత్రం చదివి వినిపించి, ఒక కాపీ వాళ్లకే ఇచ్చాం.

మిగిలినవి

కుంకుమ పట్టు ముక్క మీద మోయిర్ పరీక్ష. మిద్దె మీద లైటు ఎత్తు రాత్రిపూట ఒకసారి చూడాలి. చీరల దుకాణం షాట్‌కి కడపలో ఒక యజమాని సాయంత్రం ఏడు తర్వాత రమ్మన్నారు, పెళ్లి బేరాలు ఉంటే ఆగమన్నారు. ఆగుతాం. రెండో మగ్గం మీద పడుగు బారెడు మిగిలినప్పుడు నేతక్క ఫోన్ చేస్తుంది. అప్పటికి నటి తేదీలు, కెమెరా అద్దె బుకింగ్ నాలుగు రోజుల వెసులుబాటుతో పట్టుకుని ఉండాలి. ఈ వారం ఆ అద్దె షాపుతో మాట్లాడటమే మొదటి పని.